వాయిదాకు రండి బాబూ
(న్యాయ విజ్ఞాన సదస్సు ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అయిపోతాయి, మన్నించాలి. భార్యలు పెట్టిన గృహహింస, వేధింపుల కేసులు పడ్డ మగవాళ్ల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త ఇబ్బంది పడ్డారు. దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్ల తరఫునా నేను వాదిస్తాను. వాళ్లకు ఆ చట్టాలు ఉండి తీరాలి.

డీవీసీ అంటే గృహహింస కేసు, అది వేరు. 498ఏ అంటే భర్త, అత్తింటివాళ్లు వేధించారని పెట్టే కేసు, అది వేరు. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ, నివాసం, డబ్బు అడుగుతారు. నోటీసు రాగానే జైలేమీ ఉండదు. రక్షణ ఉత్తర్వును మీరితే మాత్రం ఏడాది దాకా పడొచ్చు. 498ఏ క్రిమినల్ కేసు. 2024 జూలై 1 నుంచి కొత్త భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. అందులోనూ ఎడాపెడా అరెస్టులు వద్దని సుప్రీంకోర్టు 2014లోనే, అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. పోలీసులు నోటీసిచ్చి పిలిస్తే వెళ్లండి. దాక్కోకండి.

మా క్లయింటు ఒకాయన, పేరూ ఊరూ వద్దులెండి, డీవీసీ నోటీసు తీసుకోలేదు. "తీసుకోకపోతే కేసు నడవదు సార్" అని ఎవరో చెప్పారట. నడిచింది! ఎక్స్‌పార్టీ అయింది, అంటే అతను లేకుండానే తేల్చేశారు, భరణం బకాయి పేరుకుంది, అప్పుడు పరుగెత్తుకొచ్చాడు. ఫోను చూపించమన్నాను. బామ్మర్దికి అర్ధరాత్రి పెట్టిన వాయిస్ మెసేజీలు... ఆడవాళ్లున్నారు, ఇక్కడ చెప్పను. అవతలి వకీలు ఒక్కటీ వదల్లేదు. పైగా మావాడు జీతం సగమే చూపిద్దామన్నాడు. 2020లో రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాల్సిందే. వద్దయ్యా అన్నాను, వినలేదు. జీతం, పన్ను లెక్క చూపే ఫారం 16 బయటపడింది. ఇక అతను చెప్పిన నిజాల్నీ నమ్మేవాళ్లు లేరు.

నిజాలు ఉన్నాయండీ, అతని మీద పెట్టిన 498ఏ కేసులో! బెంగళూరులో కాపురముంటున్న అతని అక్కను ఏ-4, అంటే నాలుగో నిందితురాలిని చేశారు. ఏటా బతుకమ్మకు వచ్చి వెళ్లే మనిషి. ఆవిడ ఏం చేసిందో, ఎప్పుడు చేసిందో ఫిర్యాదులో ఒక్క తేదీ లేదు.

అమ్మా, ముందు వరసలో కూర్చున్నవాళ్లు, ఇది మీకే. ఇంటిల్లిపాదినీ ఇరికిస్తే మీ కేసే పలచబడుతుంది. దారా లక్ష్మీనారాయణ కేసు మన తెలంగాణదే. వివరాల్లేకుండా కుటుంబమందరినీ లాగకూడదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. హింస పడ్డ ఆడవాళ్లు నోరు మూసుకోవాలని తమ ఉద్దేశం కాదనీ అదే తీర్పులో రాసింది. వాట్సాప్‌లో మొదటి సగమే తిరుగుతోంది!

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, అయిపోయింది సార్. ఫీజు కట్టలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేదు. మగవాళ్లలో ఎస్సీ, ఎస్టీలకూ అంతే, మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు. నోటీసు కాపీ ఉంటే ఆ బల్ల దగ్గర ఇప్పుడే చూపించండి. భోజనాలయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను.