జాతి కుందేళ్ళ పెంపకం, ప్రదర్శన: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: విశాఖ శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో జాతి కుందేళ్ళ గురించి మాట్లాడుకుందాం. పశువైద్యులు డాక్టర్ గారు స్టూడియోకి వచ్చారు. నమస్కారమండీ.

డాక్టర్: నమస్కారం. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. కుందేల్ని చెవులు పట్టుకుని ఎత్తకండి. ఛాతీ కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి పెట్టి ఒంటికి ఆనించుకోండి. వెనక కాళ్ళు గాల్లో వేలాడాయంటే గట్టిగా తన్నుకుంటుంది, ఆ తన్నుకి దాని నడుమే విరుగుతుంది. చదువు పూర్తయిన కొత్తలో నా చేతుల్లోనే ఒకటి అలా పోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

యాంకర్: మొదటి ఫోన్, ఎంవీపీ కాలనీ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: మా కుందేలు నిన్న రాత్రి నుంచి ఏం తినట్లేదు డాక్టర్ గారూ. క్యారెట్ పెట్టినా వాసన చూసి వదిలేస్తోంది.

డాక్టర్: పెంటికలు వేస్తోందా?

శ్రోత: పొద్దున్నుంచి లేవండి. ఒక మూల ముడుచుకుని కూర్చుంది. ఇంట్లో బాబుకి వాడిన యాంటీబయాటిక్ సిరప్ ఉంది, ఓ చుక్క వెయ్యమంటారా?

డాక్టర్: వద్దు, వద్దమ్మా. అమాక్సిసిలిన్ లాంటివి నోట్లో వేస్తే పేగులో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది, దాంతో కుందేలే పోవచ్చు. 12 గంటలు తినలేదంటే పేగు కదలడం ఆగిపోతోందని అర్థం. అది వాంతి కూడా చేసుకోలేదు. రేపటిదాకా ఆగకండి.

శ్రోత: సాయంత్రం మావారు రాగానే...

డాక్టర్: ఇప్పుడే ఆటో ఎక్కండి తల్లీ. ఫోన్ పెట్టేయండి, నేనేమీ అనుకోను.

యాంకర్: ధన్యవాదాలు. తర్వాత గాజువాక నుంచి.

శ్రోత: నమస్కారం సార్. నేను స్టీల్ ప్లాంట్‌లో పని చేస్తానండి, షిఫ్టు డ్యూటీ. మా అమ్మాయి అడిగిందని ఒక జత కొన్నాను. డచ్ జాతి అన్నాడు కొట్టతను. నల్లది, మొహం మీద తెల్ల చార, మెడ చుట్టూ తెలుపు, చూడ్డానికి బొమ్మలా ఉంటుంది సార్. వీటిని పెంచి ముందు ముందు ప్రదర్శనకి తీసుకెళ్ళాలని నా కోరిక. మొన్న ఆడది ఈనింది. ఏడు పిల్లలు. మూడు చచ్చిపోయాయి సార్. తల్లి పాలివ్వట్లేదు. రోజంతా చూస్తున్నాను, ఒక్కసారి కూడా దగ్గరికి పోలేదు. మా అమ్మ ఆవు పాలు పట్టమంది, పట్టాను కూడా...

డాక్టర్: ఆగండి, ఆగండి. ఈని ఎన్ని రోజులైంది?

శ్రోత: మూడో రోజు సార్. అసలేమైందంటే సార్, పోయిన నెల మా అత్తగారు వచ్చినప్పుడు...

డాక్టర్: అత్తగారి సంగతి తర్వాత. కుందేలు తల్లి కోడిలా పిల్లల మీద కూర్చోదు బాబూ, కుక్కలా పక్కన పడుకుని పాలివ్వదు. రోజుకి ఒకసారి, మహా అయితే రెండుసార్లు వెళ్తుంది. అదీ రాత్రి గానీ తెల్లవారుజామున గానీ. మూడు నుంచి ఐదు నిమిషాలు, అంతే. మిగతా టైమంతా దూరంగానే ఉంటుంది. వీటి పూర్వీకులు, యూరప్ అడవి కుందేళ్ళు, బొరియలో పిల్లల్ని శత్రువుకి తెలియకుండా దాచుకునే పద్ధతి ఇది. మీరు పగలంతా కాపలా కాస్తే ఏం కనబడుతుంది?

శ్రోత: అంటే పాలిస్తోందంటారా?

డాక్టర్: ఇస్తోందో లేదో పిల్లల పొట్టే చెప్తుంది. పొద్దున్నే ఒక్కో పిల్లని తీసి చూడండి. పాలు తాగినదాని పొట్ట నిమ్మకాయలా గుండ్రంగా ఉంటుంది, పల్చటి చర్మం కింద తెల్లగా పాలు కనబడతాయి. తాగనిది ముడతలు పడి ఉంటుంది, ముట్టుకుంటే కీచుమంటూ ఎగురుతుంది.

శ్రోత: మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందంటారు కదా సార్?

డాక్టర్: పెంపుడు కుందేలు వదలదు. చెయ్యి కడుక్కుని, ఆ గూటి గడ్డికే రుద్దుకుని ముట్టుకోండి. పిల్లలు ఎక్కడ ఉన్నాయి? గూడు పెట్టె పెట్టారా?

శ్రోత: పెట్టె లేదండి. బోనులో ఒక మూల గుడ్డ పేలికలు వేశాను. కింద తీగ జాలీ.

డాక్టర్: మూడు పోవడానికి కారణం అదే. వెంట్రుకలు లేని పిల్ల జాలీ మీద పడి ఉంటే చల్లబడిపోతుంది. ఒక్కోసారి చన్ను నోట్లోంచి వదలక తల్లితో పాటు బయటికి ఈడ్చుకొస్తుంది, మళ్ళీ తనంతట తాను గూటికి పోలేదు. జతకట్టిన 28వ రోజుకల్లా చెక్కపెట్టె పెట్టి ఎండుగడ్డి వేయాలి. తల్లి తన పొట్ట మీది బొచ్చు పీక్కుని పైన పరుచుకుంటుంది. 31వ రోజుకి అటూ ఇటూగా ఈనుతుంది. తేదీ రాసుకున్నారా?

శ్రోత: లేదండి, రెండూ కలిసే ఉంటాయి కదా.

డాక్టర్: కలిసే అంటే? మగది ఇప్పుడెక్కడుంది?

శ్రోత: అదే బోనులో సార్.

డాక్టర్: అయ్యో! దాన్ని ఈ నిమిషంలో తీసేయండి. ఈనిన రోజే మళ్ళీ కడుతుందండీ కుందేలు. పిల్లలకి పాలిస్తూనే మళ్ళీ చూలు మోస్తే ఆ తల్లి ఎంతకని తట్టుకుంటుంది? ఇంకొకటి, ఆ జత ఒకే ఈత పిల్లలా?

శ్రోత: ఒకే బుట్టలోంచి తీసిచ్చాడు సార్.

డాక్టర్: ఇదే నా బాధ. జాతి అంటే రంగు కాదు, కాగితం. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాతలెవరు, ఎప్పుడు పుట్టింది. అమెరికా పెంపకందార్ల సంఘం పద్ధతిలో ఎడమ చెవిలో నంబరు పచ్చబొట్టు వేస్తారు. బ్రిటన్‌లో పిల్లగా ఉన్నప్పుడే వెనక కాలికి ఉంగరం తొడుగుతారు. అది లేనిది ప్రదర్శనకి రాదు. మీరు కనీసం ఒక నోటుబుక్కు పెట్టండి. రాసుకోండి. అన్నాచెల్లెళ్ళని జత కడితే పళ్ళు వంకర లాంటి దోషాలు బయటపడతాయి. కుందేలు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, పై వరసా కింది వరసా కలవకపోతే నోరే మూతపడదు. అలాంటిదాన్ని జడ్జి మొదటి నిమిషంలోనే పక్కన పెట్టేస్తాడు.

శ్రోత: అయితే ఈ నాలుగు పిల్లలూ ప్రదర్శనకి పనికిరావా?

డాక్టర్: డచ్‌లో ఒక సుళువుంది. మచ్చల హద్దులు పుట్టినప్పుడు ఎలా ఉంటే చివరిదాకా అలాగే. నడుం దగ్గర నలుపూ తెలుపూ కలిసే గీత తిన్నగా ఉండాలి, వెనక పాదాల తెలుపు రెండూ సమానంగా రావాలి. మంచి జతకి కూడా సగం పిల్లలు మచ్చ తప్పి పుడతాయి. అవి ఇంట్లో పెంచుకోడానికి బంగారం. ముందు బతికించుకోండి. ఆవు పాలు ఆపేయండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లబడ్డ పిల్లని ముందు అరచేతుల్లో వెచ్చబెట్టాకే గూటిలో పెట్టండి.

శ్రోత: సరే సార్. మరి తల్లి పాలివ్వట్లేదు కదా, దానికేం చెయ్యమంటారు?

డాక్టర్: (నిట్టూర్చి) పొట్ట చూడండి బాబూ. పొద్దున్నే.

యాంకర్: ధన్యవాదాలండీ. భీమిలి నుంచి ఒక అమ్మాయి.

శ్రోత: అంకుల్, నేను తొమ్మిదో తరగతి. ప్రదర్శనకి ముందు కుందేలికి స్నానం చేయించాలా?

డాక్టర్: అస్సలొద్దమ్మా. బెదిరిపోతుంది, తడి ఆరదు. చెయ్యి కొంచెం తడుపుకుని బొచ్చు మీద నిమిరితే రాలే వెంట్రుకలు వచ్చేస్తాయి. జడ్జిగారు పళ్ళు, గోళ్ళు, చెవులు చూస్తారు. ముందరి పాదాల లోపలి బొచ్చు కూడా చూస్తారు. అక్కడ అట్టకట్టి ఉంటే ముక్కు కారుతూ తుడుచుకుందని తెలిసిపోతుంది. ఎలా ఎత్తాలో విన్నావుగా?

శ్రోత: చెవులు పట్టుకోకూడదు.

డాక్టర్: శెభాష్.

యాంకర్: పెందుర్తి నుంచి రైతు.

శ్రోత: బాబూ, మాయి పది ఆడవి, రెండు మగవి. తెల్లవి, న్యూజిలాండ్. ఎండల్నుంచి ఒక్కటీ కట్నేదు. ఏటి సేయమంటారు?

డాక్టర్: మగవాటి తప్పు కాదు బాబూ, ఎండ తప్పు. 30 డిగ్రీలు దాటితే వీర్యం దెబ్బతింటుంది, మళ్ళీ కొత్తది తయారవడానికి నెలన్నర పైనే పడుతుంది. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి. షెడ్డు రేకులా?

శ్రోత: రేకులే బాబూ. గోనెలు తడిపి కడతన్నాం.

డాక్టర్: మన సముద్రపు ఉక్కకి తడి గోనె ఒక్కటే చాలదు, గాలి ఆడాలి. రేకు మీద కొబ్బరాకు పరవండి, మగవాటిని కింది వరసలో ఉంచండి. తెల్లారగట్ల ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్ళండి. మగదాన్ని ఆడదాని బోనులో వేస్తే ఆడది కరుస్తుంది. 12వ రోజు దాటాక పొట్ట కింద మెత్తగా తడిమితే ద్రాక్షపళ్ళలా తగుల్తాయి. పెంటికలైతే గట్టిగా ఉంటాయి. తేదీ రాసుకోండి.

శ్రోత: అంగోరా ఏస్తే బొచ్చుకి మంచి రేటని మావోడు అంతన్నాడు...

డాక్టర్: అది చలి ప్రాంతాలది, ఇక్కడ మగ్గిపోతుంది. కొత్త జాతి మగది కావాలంటే కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ వారి కేంద్రం ఉంది, అడగండి. సోవియట్ చిన్చిల్లా, వైట్ జెయింట్ అనే కుందేలు జాతుల మీద పనిచేస్తారు.

యాంకర్: మధురవాడ నుంచి...

శ్రోత: కొండ దగ్గర ఒక పిల్ల దొరికిందండి, కళ్ళు తెరిచే ఉంది, ఒంటినిండా బొచ్చు. దీన్ని మా ఆడదానితో...

డాక్టర్: అది పెంపుడు కుందేలు పిల్ల కాదు, మన కొండల్లో తిరిగే చెవులపిల్లి, ఇంగ్లీషులో హేర్ అంటారు. పెంపుడు కుందేలు పిల్ల గుడ్డిగా, బోసిగా పుడుతుంది. రెండూ వేరు, జత కలవవు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, దొరికిన చోటే వదిలేయండి.

యాంకర్: టైమ్ అయిపోతోంది. ఒక్క ఫోన్. మళ్ళీ గాజువాక వారే!

శ్రోత: సార్, మగదాన్ని తీసేశాను. వేరే బుట్టలో పెట్టాను.

డాక్టర్: మంచి పని చేశారు.

శ్రోత: ఒక పిల్ల పొట్ట ముడత పడి ఉంది సార్. మిగతా మూడూ గుండ్రంగానే ఉన్నాయి.

డాక్టర్: చూశారా, తల్లి పాలిస్తోంది! వెనకబడ్డదాన్ని వెచ్చబెట్టి ఉంచండి. తెల్లవారుజామున తల్లిని ఒళ్ళో మెల్లగా వెల్లకిలా పట్టుకుని ముందు దాన్నొక్కదాన్నే చన్నుకి పట్టించండి, ఆ తర్వాత మిగతావి. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి.

శ్రోత: ఎన్నింటికి సార్?

డాక్టర్: ఐదింటికి. తల్లిని ఎత్తేటప్పుడు...

శ్రోత: చెవులు పట్టుకోను సార్.