బేస్‌మెంట్ మీద మొదటి కర్ర: సిల్ ప్లేట్

ఇంజినీర్: నమస్తే. పొలం కాడ చెక్క ఇల్లు ఏసుకుందాం అనుకునేటోళ్ల కోసం ఇయ్యాల ఒక్క కర్ర గురించే ముచ్చట. బేస్‌మెంట్ కాంక్రీటు మీద పండబెట్టి బోల్టులతోని బిగించే మొదటి కర్ర. అమెరికా, కెనడాల చెక్క ఫ్రేము ఇండ్లల్ల దీన్ని సిల్ ప్లేట్ అంటరు. అన్నా, మన పనోళ్లకు దీన్ని ఏమని చెప్పాలె?

వడ్రంగి: అడుగు పట్టె అంటే సమజైతది తమ్మీ. మన పాత పెంకుటిండ్లల్ల ఇది లేదు. గోడ మట్టిదో రాయిదో, దాని మీద దూలం, వాసాలు. కర్ర స్తంభం ఉంటే కింద రాయి పెట్టి నిలబెట్టేటోళ్లు. నేలకు దగ్గర ఉండే కర్ర గడప ఒక్కటే, ముందుగాల చెడేది కూడా అదే. చెక్క ఇంట్ల అడుగు పట్టె అంటే ఇంటి చుట్టూ గడప పెట్టినట్టు. గందుకే దానికంత పట్టింపు.

ఇంజినీర్: లెక్కకు 20 అడుగులు, 15 అడుగుల గది తీసుకుందాం. పట్టె 5 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం. కర్ర ఏది?

వడ్రంగి: టేకైతే చేవ, అంటే మాను నడిమి ముదురు కర్ర, ఉన్నదే కావాలె. టేకుకు చెదలు పట్టదంటరు, అది చేవ వరకే నిజం. అంచుకు తెల్ల కర్ర కనిపించిందా, అక్కడ చెదలుకు అడ్డం లేదు. నల్లమద్ది కూడా గట్టిదే. టేకు ఖరీదైతదనుకుంటే ప్రెషర్ ట్రీట్‌మెంట్ చేసిన, అంటే ఒత్తిడితోని మందు ఎక్కించిన పైన్ కర్ర తీసుకోవాలె. కానీ మందు లోపలిదాక పోదు. మనం కోసిన ప్రతి కొస, వేసిన ప్రతి రంధ్రం కాడ మందు లేని కర్రే. అక్కడ బ్రష్షుతోని మందు మళ్లా పెట్టాలె. ఎక్కువ మంది ఎగ్గొట్టేది ఇక్కడనే.

ఇంజినీర్: ట్రీట్‌మెంట్ మందుల్ల రాగి ఉంటే ఇనుము తొందరగా తుప్పు పడ్తది. సాదా ఇనుప బోల్టు, పల్చగ మెరిసే జింకు పూత బోల్టు రెండూ పనికిరావు. వేడి జింకుల ముంచి తీసినవి, అంటే హాట్ డిప్ గాల్వనైజ్డ్ కావాలె. లేకుంటే స్టెయిన్‌లెస్.

వడ్రంగి: బోల్టుల లెక్క చెప్పు, అందరు అడిగేది అదే.

ఇంజినీర్: అమెరికా కోడ్ల మామూలు ఇండ్లకు రూలు ఇట్లుంటది: అర అంగుళం బోల్టు, కాంక్రీటుల 7 అంగుళాలు దిగాలె, బోల్టుకు బోల్టుకు 6 అడుగులు దాటొద్దు, పట్టె కొస నుంచి అడుగు లోపల ఒకటి ఉండాలె, ఏ ముక్కకైనా రెండుకు తక్కువ కావొద్దు. కొసకు మరీ దగ్గరైనా పగులుతది, మూడున్నర అంగుళాలు ఇడువాలె. మన దగ్గర 12 ఎం.ఎం. ఎల్ బోల్టు, అంటే కింది కొస వంగి ఉండేది, 300 ఎం.ఎం. పొడుగుది తీసుకుంటే 200 లోపల, 100 బయట. 20 అడుగుల దిక్కు రెండు 10 అడుగుల ముక్కలు, ముక్కకు 3. 15 అడుగుల దిక్కు రెండు ముక్కలు, ముక్కకు 2. నాలుగు దిక్కులు కలిపి 20. తలుపు కాడ పట్టె కోస్తం, అక్కడ రెండు కొసలకు ఇంకో రెండు. 24 తెచ్చుకుంటే సరిపోతయి.

వడ్రంగి: గింత తేలిక ఇంటికి అన్ని బోల్టులు ఎందుకంటరు.

ఇంజినీర్: తేలికనే గాబట్టి. ఇటుక గోడ బరువుతోని కూసుంటది, చెక్క ఇంటిని గాలి లేపుతది. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిల గాలికి వేల చెట్లు పడ్డయి. అదే ఏడు డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతోని భూకంపం. భూమి పక్కకు ఊగితే పట్టె కాంక్రీటు మీద జరుగుతది. ఆపేది బోల్టే. వాషర్ చిన్న గుండ్రందైతే కర్రల దిగబడ్తది, పట్టె బోల్టు వరుస పొంటి నిలువున చీలుతది. 3 అంగుళాల చదరపు పలక, 6 ఎం.ఎం. మందం ఉన్నది వెయ్యాలె.

వడ్రంగి: బోల్టులు నిలబెట్టుడు కాడ తప్పు ఎక్కువ జరుగుతది. కాంక్రీటు పోసినంక చేత్తోని గుచ్చుతరు. చుట్టూ బొర్ర ఉండిపోతది, బోల్టు ఒరుగుతది. పోసేముందే సెంట్రింగ్ మీద అడ్డంగ చెక్క కొట్టి, దానికి రంధ్రం చేసి బోల్టు వేలాడదియ్యాలె. బయటి అంచు నుంచి రెండున్నర అంగుళాలు, అంటే పట్టె నడుమ. బోల్టు మరలకు టేపు చుట్టాలె, సిమెంటు అంటితే నట్టు ఎక్కదు.

ఇంజినీర్: బోల్టు పెట్టుడు మర్చిపోతే తర్వాత రంధ్రం వేసి ఫాస్టెనర్, అంటే బిగిస్తే లోపల వెడల్పయ్యే బోల్టు కొట్టేస్తరు. అంచుకు గంత దగ్గర అది వెడల్పైతె కాంక్రీటు పెచ్చు లేస్తది. కెమికల్ యాంకర్, అంటే రంధ్రంల జిగురు మందు నింపి బోల్టును అంటించుడు నయం, కాకపోతే రంధ్రంల దుమ్ము బ్రష్షు పెట్టి, గాలి ఊది పూరా తియ్యాలె. దుమ్ముంటే జిగురు దుమ్మునే పట్టుకుంటది, కాంక్రీటును కాదు. ఇగ కొలత సంగతి చెప్పన్నా.

వడ్రంగి: వారం క్యూరింగ్ అయినంకనే పట్టె పని. రంగు దారం కొట్టి మూలలు చూడాలె. 20, 15 గదికి కర్ణం సరిగ్గ 25 అడుగులు రావాలె, రెండు దిక్కులా. పావు అంగుళం తేడా దాటితే దారం మళ్లా కొట్టు. ఇక్కడి తప్పు పైకప్పు రేకుల కాడ బయటపడ్తది. తర్వాత లెవెల్ పైపుతోని ఎత్తు పల్లాలు. పల్లం ఉన్నకాడ చెక్క పేళ్లు దోపొద్దు, అవి నలిగిపోతయి. ఇనుప పలక ముక్కలు పెట్టి ఆరినా కుంచించుకపోని గ్రౌటు, అంటే సందులు నింపే సిమెంటు ముద్ద, నింపాలె. పట్టెను బోల్టుల పక్కకు ఆనిచ్చి మూలమట్టంతోని గీత గీసి, దారం నుంచి దూరం కొలిచి 14 ఎం.ఎం. రంధ్రం వెయ్యాలె. 20 వేస్తే సుళువుగ దిగుతది, కానీ పట్టె ఆడుతది.

ఇంజినీర్: పట్టె కింద ఏం పరవాలె? కాంక్రీటు తడిని పీలుస్తది, కర్రను సీదా పెడితే ఆ తడి కర్రకు ఎక్కుతది. అమెరికాల నురుగు పట్టీ పరుస్తరు. మనకు తారు ఫెల్టు దొరుకుతది. దాని కింద జి.ఐ. రేకు, బయటికి 2 అంగుళాలు వచ్చి కిందికి వంగాలె.

వడ్రంగి: రేకు చెదలును ఆపుతదనుకుంటరు. ఆపదు. రేకు అంచు తిరిగి రావాలంటే చెదలు బయటికెల్లి మట్టి గొట్టం కట్టుకోవాలె, అది మన కంట్ల పడ్తది. రేకు జాయింట్లు, బోల్టు రంధ్రాలు తారుతోని మూయాలె, లేకుంటే అందులకెల్లే ఎక్కుతది. కింద మట్టికి మందు ఎట్లనో తప్పదు.

ఇంజినీర్: ఫ్లోర్ కాంక్రీటు వెయ్యకముందే. క్లోరోపైరిఫాస్ 20 శాతం మందు లీటరుకు 19 లీటర్ల నీళ్లు. చదరపు మీటరుకు 5 లీటర్లు. మన గది 28 చదరపు మీటర్లు, అంటే 140 లీటర్ల ద్రావణం, అసలు మందు 7 లీటర్లు. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. బాయి, బోరు పక్కన కొట్టొద్దు. ఇంకోటి, నల్లరేగడిల పునాది లోతు లేకుంటే పట్టె ఎంత మంచిగ పెట్టినా లాభం లేదు, మన్ను ఉబ్బితే కాంక్రీటే పగులుతది.

వడ్రంగి: నట్టు చేత్తోని బిగిసినంక పానాతోని సగం చుట్టు చాలు, పలక కర్రల దిగేదాక తిప్పొద్దు. కర్ర ఆరితే సన్నగైతది, నట్టు వదులైతది. రెండు నెలలకు మళ్లా బిగించాలె, అప్పటిదాక లోపలి దిక్కు బోర్డులు కొట్టకుండ్రి. బయట పట్టెకు, మట్టికి నడుమ 8 అంగుళాలన్న ఎడం ఉండాలె. పూల మొక్కలకని మట్టి పోసుకుంట పోతే రేకు దాకా వస్తది, చెదలు గొట్టం కనబడకుంట లోపలికి పోతది.