తార్నాక దాటితే ఆగిపోయే బుల్లెట్

వ్యాఖ్యాత: ఉప్పల్ నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్తే సార్. మా నాన్నగారి 1984 బుల్లెట్, 350. కుడికాలి గేరు. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. తార్నాక దాటేసరికి ఆగిపోతుంది. అరగంట నీడలో పెడితే మళ్లీ మామూలే. వీడియోలు చూసి కార్బొరేటర్ రెండుసార్లు విప్పాను.

మెకానిక్: లోపల చెత్త ఉందా?

శ్రోత: లేదు సార్, శుభ్రంగానే ఉంది.

మెకానిక్: మరి రెండోసారి ఎందుకు విప్పావు బాబూ? (నవ్వు) సరేలే, నేర్చుకునే రోజుల్లో నేనూ అంతే. చేతిలో పానా ఉంటే ఊరుకోబుద్ధి కాదు. చల్లగా ఉంటే బాగుంది, వేడెక్కితే లేదు అన్నావు కదా, సగం జవాబు అందులోనే ఉంది. బండి ఆగినచోటే చూడాలి. ఇంటికి తెచ్చేసరికి చల్లారిపోతుంది, దొంగ దొరకడు.

ముందు ట్యాంకు మూత తియ్యి. బుస్సుమని గాలి పీల్చుకుని వెంటనే స్టార్టయిందంటే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయినట్టు. కాకపోతే మూత బిగించేసి, ప్లగ్గు విప్పి దాని వైరు క్యాప్‌లో పెట్టి, ఇంజిన్ ఇనుముకు ఆనించి కిక్కు కొట్టు. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టు, అందులోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. కరెంటు నీలంగా, గట్టిగా రావాలి. పసుపుగా నీరసంగా వస్తే నా అనుమానం కండెన్సర్ మీద.

శ్రోత: పాయింట్లు పోయిన నెలే కొత్తవి వేశాను సార్. మళ్లీ నల్లబడ్డాయి.

మెకానిక్: చూశావా! పాయింట్లంటే ప్లగ్గు కరెంటుకు స్విచ్చులాంటివి. అవి విడిపోయే క్షణంలో అక్కడ మంట ఎగరకుండా చూసేది కండెన్సరే. అది పోతే ఎన్ని పాయింట్లు వేసినా కాలిపోతాయి. రాణీగంజ్‌లో అడుగు, దొరుకుతుంది. మార్చాక ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే సన్నటి రేకుతో, పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు పెట్టు. అప్పటికీ ఆగితే ప్లగ్గుకు కరెంటు పెంచి పంపే కాయిల్ చూద్దాం. ఒక్కోసారి ఒక్కటే మార్చు. అన్నీ కలిపి మారిస్తే బండి బాగవుతుందేమో గానీ నీకు పని రాదు.

శ్రోత: ట్యాపెట్లు, అదే వాల్వుల సందు, నేనే పెట్టుకోవచ్చా?

మెకానిక్: పెట్టుకో, ఇంజిన్ పూర్తిగా చల్లారాక. కంప్రెషన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు, వాల్వును తెరిపించే కడ్డీ ఉంటుంది కదా, ఆ పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. నీ బండికి కొలత అదే.

శ్రోత: ఇంకొక్కటి సార్... కార్బొరేటర్ బిగించాక ఒక ఎర్ర ఫైబర్ వాషర్ మిగిలింది.

మెకానిక్: ఇది ముందే చెప్పాలి కదయ్యా! పెట్రోలు కాక్ మూసెయ్యి. పైపు దగ్గర తడి ఉందేమో చూసి, వాషర్ వేసి, ఆ తర్వాతే తార్నాక.