హార్మోన్ మాత్రకు బదులు తేనె సీసానా?

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో పెద్ద అపార్ట్‌మెంట్ల గోడలకూ నీళ్ల ట్యాంకులకూ వేలాడే తేనెపట్లు మీరు చూసే ఉంటారు. అవి కొండ తేనెటీగలవి. మలేషియా అడవుల్లో తువలాంగ్ అనే ఎత్తైన చెట్లకు పట్టు పెట్టేదీ ఈ జాతే. ఆ తేనె మీద అక్కడ జరిగిన పరిశోధన చేతులు మారి మారి, ‘ముట్లుడిగాక హార్మోన్ మాత్రలెందుకు, తేనె చాలు’ అనే దాకా వచ్చింది.

2011లో వెలువడిన పరిశోధన అది. ముట్లుడిగిన 102 మంది ఆరోగ్యవంతులైన ఆడవాళ్లలో కొందరికి రోజుకు 20 గ్రాముల తేనె, కొందరికి హార్మోన్ మాత్రలు 16 వారాలు ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. కొన్ని మాటలు చదివి వినిపించి వెంటనే తిరిగి చెప్పమంటే, తేనె తీసుకున్నవాళ్లు హార్మోన్లు తీసుకున్నవాళ్లతో సమానంగా మెరుగయ్యారు. సంతోషమే. కానీ అది జ్ఞాపకశక్తికి పెట్టిన పరీక్ష. ఎముకలకు మేలు కనిపించింది వేరే ప్రయోగంలో, అదీ అండాశయాలు తీసేసిన ఎలుకల్లో.

ఒళ్లంతా సెగలు, రాత్రి చెమటల సంగతికొస్తే, జర్మనీలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన ఆడవాళ్లలో కొందరికి పుప్పొడి కలిపిన తేనె, కొందరికి ఉత్త తేనె ఇచ్చి చూశారు. ఉత్త తేనె ఇచ్చింది పోల్చి చూడడానికే. తీరా రెండు గుంపుల్లోనూ చాలామందికి ఉపశమనం కలిగింది. తేనె పనిచేసిందా, మందు తీసుకుంటున్నామన్న ధీమా పనిచేసిందా? ఏమీ తీసుకోని మూడో గుంపు లేదు కాబట్టి తేల్చలేం. ఈ సెగలు ఉత్తుత్తి మాత్రకు కూడా కొంత తగ్గుతాయి మరి.

హార్మోన్లంటే భయం 2002 నుంచి ఉంది. రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బులు కాస్త పెరిగాయని అమెరికాలో ఒక పెద్ద అధ్యయనంలో కొంత భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. అరవై దాటకుండా, ముట్లుడిగి పదేళ్లు కాకుండా మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి నష్టం కన్నా లాభమే ఎక్కువని తర్వాత తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకూ, రక్తం గడ్డలు కట్టినవాళ్లకూ మాత్రం సాధారణంగా ఇవ్వం. వాళ్లకు హార్మోన్ లేని మందులున్నాయి.

నాకు టెన్షన్ వేరే చోట. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు బాగా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ఉన్నాయి. హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకావిడకు నలభై కూడా లేవు.

“అండాశయాలు కూడా తీసేశారామ్మా?”

“ఏమో మేడమ్, సంచి తీసినామన్నారు, అంతే.”

సెగలకు పొద్దున్నే తేనె, నిమ్మరసం తాగుతోంది. పాత డిశ్చార్జ్ కాగితం తెప్పించి చూస్తే రెండు అండాశయాలూ తీసేసి ఉన్నాయి. అండాశయాల నుంచి మామూలుగా మరో పదేళ్లు అందాల్సిన ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఆమెకు ఒక్క రోజులో ఆగిపోయింది. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముందే రావడం ఇలాంటివాళ్లలోనే ఎక్కువ. అడ్డు చెప్పే జబ్బేమీ లేకపోతే, ముట్లు మామూలుగా ఆగే వయసు దాకా హార్మోన్లు వాడమంటాం. ఆ లోటును తేనె పూడ్చలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయి ఉంటే ఆ కాగితం వెతికి దగ్గర పెట్టుకోండి.

తేనె తినొద్దని కాదు. కానీ 20 గ్రాములంటే పెద్ద చెంచా నిండా, అందులో చక్కెరే 16 గ్రాముల దాకా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు దాన్నీ లెక్కలో వేసుకోవాలి. ఈ వయసులో చాలామంది అమ్మమ్మలు, నానమ్మలు కూడా కాబట్టి ఇదీ చెప్పాలి: ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం ఒక్క చుక్క కూడా నాకించకండి, బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు.

ఏడాది పాటు నెలసరి ఆగిపోయాక మళ్లీ కాస్త రక్తం కనిపించినా వంటింటి వైద్యం పెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోండి. అది గర్భసంచి క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు, తొందరగా పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది.

నమస్కారం.