చెప్పులు, చింతపండు, ఒక సెట్రిజిన్ మాత్ర

అందరికీ నమస్కారం. కెమిస్ట్రీ లెక్చరర్ మాట్లాడతాడంటే సగం మంది టీ దగ్గరే ఆగిపోతారనుకున్నా, పర్లేదు, చాలామందే లోపలికి వచ్చారు.

మా నాన్నగారికి చలికాలం వస్తే తుమ్ములు. ఏళ్ల తరబడి సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర వేసుకునేవారు. ఒకసారి డాక్టరుగారు మార్చి లెవోసెట్రిజిన్ 5 రాశారు. నాన్నగారు స్ట్రిప్పు అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు పైకి నెట్టి చూసి, "మందేమో సగం చేశాడు, రెండు వేసుకుంటా" అన్నారు. వద్దు నాన్నా, తీసేసింది పనిచేయని సగాన్ని అన్నాను. "మరి పనిచేయనిది ఇన్నాళ్లూ నాచేత ఎందుకు మింగించారురా?" అన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో నా స్టూడెంట్ ఒక్కడూ అంత మంచి ప్రశ్న అడగలేదు.

మీరందరూ బయట చెప్పులు విప్పి వచ్చారు కదా. కుడిదీ ఎడమదీ ఒకే రబ్బరు, ఒకే బరువు, ఒకే పట్టీలు. తక్కెడలో పెడితే తేడా తెలీదు. సంచిలో వేసినా తెలీదు, ఎందుకంటే సంచికి కుడి ఎడమలు లేవు. కాలు పెట్టినప్పుడే తెలుస్తుంది. కార్బన్‌కి నాలుగు వేర్వేరు గుంపులు తగిలితే ఆ అణువుకీ ఇదే గతి: అద్దంలో దాని బొమ్మ లాంటి ఇంకో అణువు ఉంటుంది, ఎంత తిప్పినా ఒకదాని మీద ఇంకోటి సరిగ్గా కూర్చోదు. ఇలాంటి వాటిని కైరల్ అంటారు, చేయి అనే అర్థమున్న గ్రీకు మాటలోంచి వచ్చింది. ఇంటర్ పుస్తకంలో ప్రాదేశిక సాదృశ్యం అని చదివి భయపడ్డది ఇదే, పేరు చూసి భయపడ్డామంతే.

ఈ జంటకి బాష్పీభవన స్థానం ఒకటే, ద్రవీభవన స్థానం ఒకటే. ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో ఊగే కాంతిని, ఒకటి కుడికి తిప్పితే రెండోది అంతే కోణం ఎడమకి తిప్పుతుంది. ఇక ఒంట్లోకి వెళ్తే అక్కడ సంచులు లేవు, అన్నీ కాళ్లే. మన ప్రోటీన్లు కట్టిన అమైనో ఆమ్లాలు, గ్లైసీన్‌ని మినహాయిస్తే, అన్నీ ఒకే చేతివాటం. సెట్రిజిన్ జంటలో ఒకటి, తుమ్ములు తెప్పించే హిస్టమిన్ వచ్చి కూర్చునే చోటైన గ్రాహకంలో చక్కగా ఇముడుతుంది, రెండోది సరిగ్గా పట్టదు. ఫ్లాస్కులో మామూలు రసాయనాలతో తయారుచేస్తే రెండూ సగం సగం వస్తాయి, ఫ్లాస్కు కూడా సంచే కదా. విడదీద్దామంటే ఒకే వేడికి మరిగేవాటిని స్వేదనంతో ఎలా విడదీస్తాం? అందుకే కలిపే అమ్మారు.

విడదీయొచ్చని మొదట చూపించింది లూయీ పాశ్చర్, 1848లో, అప్పటికి 25 ఏళ్లవాడు. ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే టార్టారిక్ ఆమ్లం కాంతిని తిప్పుతుంది, దాని కవల లాంటి ఇంకో ఆమ్లం తిప్పదు. ఆ తిప్పనిదాని సోడియం అమోనియం లవణాన్ని స్ఫటికాలు కట్టించి భూతద్దంలో చూస్తే, కొన్నిటికి ఒక చిన్న ముఖం కుడివైపు, కొన్నిటికి ఎడమవైపు ఉంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు పట్టకారుతో కూర్చుని ఏరాడు. రెండు కుప్పల్నీ విడివిడిగా నీళ్లలో కరిగిస్తే ఒకటి కాంతిని కుడికి తిప్పింది, ఇంకోటి ఎడమకి. 74 ఏళ్ల బియో, అంటే ద్రవాల్లో ఈ కాంతి తిరుగుడు సంగతి మొదట పట్టుకున్న పెద్దాయన, నమ్మక తన ఎదురుగా మళ్లీ చేయించుకున్నాడు. ఇందులో అదృష్టమూ ఉంది. ఆ లవణం సుమారు 27 డిగ్రీల లోపే అలా విడివిడిగా గడ్డకడుతుంది. అదే పని మే నెలలో విజయవాడలో చేసుంటే పాశ్చర్ చేతికి ఏమీ దొరికేది కాదు!

తర్వాత 1874లో వాంట్ హాఫ్, లె బెల్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఎవరికి వారే కార్బన్ చేతులు చదునుగా కాదు, నాలుగు మూలలకి చాచి ఉంటాయన్నారు. కోల్బె అనే పెద్ద ప్రొఫెసర్, పశువైద్య కళాశాలలో పనిచేసే కుర్రాడికి ఈ ఊహలేంటని వాంట్ హాఫ్‌ని ఎగతాళి చేశాడు. 1901లో రసాయనంలో మొట్టమొదటి నోబెల్ ఆ కుర్రాడికే వచ్చింది, కాకపోతే వేరే పనికి.

ఇప్పుడు అసలు తమాషా. టార్టారిక్ ఆమ్లం మన చింతపండులో పుష్కలం, అదీ ఒక్క చేతివాటందే. లెవోసెట్రిజిన్ తయారీలో ముందు దశ పదార్థాన్ని విడదీయడానికి వాడే పద్ధతుల్లో ఒకటి ఇదే టార్టారిక్ ఆమ్లం కలపడం. కుడిచేత్తో కుడిచేయి కలపడం వేరు, ఎడమచేయి కలపడం వేరు కదా, అలా పుట్టిన రెండు లవణాల కరిగే గుణం వేరవుతుంది, ఒకటి అడుగున పడుతుంది, వడకట్టుకోవచ్చు. మా నాన్నగారి తుమ్ముల మాత్ర వెనక చారు పులుపు ఉందన్నమాట!

పిల్లలకో మాట. లెవో అంటే ఎడమ, కానీ లెవోసెట్రిజిన్ రసాయన నామంలో ఆర్ అనే అక్షరం ఉంటుంది, అదేమో కుడికి గుర్తు. టెన్షన్ పడకండి. ఆర్, ఎస్ అనేవి కాగితం మీద గుంపుల వరస చూసి పెట్టే పేర్లు, లెవో అనేది కాంతి ఎటు తిరిగిందో కొలిచి చూసేది. రెంటికీ చుట్టరికం లేదు.

అన్ని మందులూ ఇంత బుద్ధిగా ఉండవు. థాలిడొమైడ్ అనే మందు పశ్చిమ జర్మనీలో 1957లో అమ్మకానికి వచ్చింది, 1961లో వెనక్కి తీసుకునేలోపు చాలా దేశాల్లో దాన్ని వాడిన గర్భిణులకి వేలమంది పిల్లలు చేతులు కాళ్లు సరిగ్గా ఎదగక పుట్టారు. ఒక రూపం మంచిది, రెండోది చెడ్డది, మంచిదే అమ్ముంటే సరిపోయేదని క్లాసుల్లో చెప్తుంటారు, నేనూ చాన్నాళ్లు చెప్పాను. తప్పు. ఒంట్లోకి వెళ్లాక గంటల్లోనే ఒకటి రెండోదిగా మారిపోతుంది, ఏది మింగినా రెండూ తయారవుతాయి. నొప్పులకి వాడే ఐబుప్రొఫెన్‌దీ మార్పు కథే, కానీ అక్కడ మనకి మేలు: పనిచేయని రూపంలో చాలా భాగాన్ని శరీరమే పనిచేసేదిగా మార్చుకుంటుంది, అందుకే కలిపి అమ్మినా గొడవ లేదు.

ముందు బెంచీ మీద రెండు చిన్న సీసాలు పెట్టాను. రెంటిలోనూ కార్వోన్ అనే వాసన పదార్థమే, ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. ఒకటి పుదీనా వాసన, ఇంకోటి సోయకూర గింజల వాసన వస్తుంది, మీ ముక్కే చెప్తుంది. వరసగా వచ్చి చూడండి, మూతలు మాత్రం ఏ సీసాది ఆ సీసాకే పెట్టండి, కిందటిసారి మార్చి పెట్టేసి రెంటినీ పాడుచేశారు.