తూము దగ్గరే పట్టుకోవాలి

ఊరి పెద్దలకీ, అమ్మలకీ, రేపు గుర్రపు డెక్క తియ్యడానికి చెరువులో దిగబోయే తమ్ముళ్ళకీ నమస్కారం. ముప్పై ఏళ్ళు లస్కరుగా, అంటే కాలువ నీళ్ళు చూసుకునే పనివాడిగా, గట్ల మీద తిరిగినవాణ్ణి. నీళ్ళ మీద తేలుతూ అల్లుకుపోయే ఈ కలుపు మొక్కని ఎంత లాగానో లెక్క లేదు. మీరు రమ్మన్నారు కాబట్టి నాకు తెలిసింది చెబుతానండి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన గోదావరి డెల్టాకి కాలువ నీళ్ళొచ్చాయి. కానీ దాళ్వా, అదే రెండో వరి పంట, అయ్యాక కాలువలు కట్టేస్తారు. మళ్ళీ వదిలేదాకా తాగడానికి ఈ మంచినీళ్ళ చెరువే దిక్కు. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళే కదండి పడేది. చెరువు మీద డెక్క కప్పుకుంటే నీళ్ళు ఇగిరిపోవని కొందరంటారు. పొరపాటు. అది ఆకుల గుండా బయటికి వదిలే నీరు, డెక్క లేని చెరువు ఎండకి పోగొట్టుకునేదానికన్నా ఎక్కువ. పైగా కింద వెలుతురు తగలక, గాలి ఆడక నీళ్ళు కంపు కొడతాయి, చేపలు చచ్చి తేలతాయి.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఊదా పూలు బాగున్నాయని ఎవరో తోటల్లోకి తెచ్చుకున్నారు, ఇప్పుడు మనం మోస్తున్నాం. ఎరువు నీళ్ళు, మురుగు అందితే రెండు వారాలకోసారి రెట్టింపవుతుంది. ఒక్క మొక్క పదిసార్లు రెట్టింపైతే 1,024. అంటే రేపు మీరు ఒక మూల వదిలేసిన ఒక్క పిలక దసరా దాటేసరికి వెయ్యి. అందుకే పైపైన లాగి చేతులు కడుక్కుంటే చాలదంటున్నాను.

ఒక ఏడాది మేం చేసిన తప్పు చెప్పాలి. వారం రోజులు నడుం విరిగేలా లాగి, గుట్టలన్నీ గట్టు లోపలి వాలులోనే పోశాం. జూన్ మొదట్లో పెద్ద వాన కురిసింది. గుట్టలు జారి మళ్ళీ చెరువులోనే పడ్డాయి. చలికాలం వచ్చేసరికి చెరువంతా పచ్చగా ఉంది. ఆ పచ్చదనం చూస్తే ఏడుపొచ్చింది నాకు.

కాబట్టి గట్టు దాటించి అవతలి వాలులో పోయండి. ఇందులో నూటికి 95 పాళ్ళు నీళ్ళే. మూడు నాలుగు ఎండలు తగిలితే మోయడం తేలికవుతుంది. తర్వాత పేడ కలిపి గోతిలో కప్పితే చేలకి ఎరువు. మురుగు కాలువలోకి మాత్రం తొయ్యకండి. మన పీడ వదిలిందనిపిస్తుంది గానీ, అది దిగువ వంతెన దగ్గర అడ్డంపడి ఎవరి సార్వా చేనునో, అదే మొదటి పంట చేనునో, ముంచుతుంది. మందు కొడదామని కూడా ఒకాయన అడిగారు. తాగే నీళ్ళండి, వద్దు. చచ్చిన డెక్క అడుగుకి దిగి కుళ్ళి నీళ్ళలో ప్రాణవాయువుని తినేస్తుంది. డెక్కని తినే ముక్కుపురుగుల్ని 1983లో మన దేశంలో వదిలారు. మంచి పనే, కానీ అవి ఏళ్ళ తరబడి తింటేగానీ ఫలితం కనపడదు. మన చెరువుకి చేతులే మేలు.

మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి వీస్తుంది కదా, డెక్క దానంతటదే ఉత్తరపు గట్టుకి చేరుతుంది. అప్పుడు వెదురు బొంగులు కలిపి కట్టి చుట్టేయండి, తాడుతో లాగండి. ఒంటరిగా మాత్రం దిగకండి. డెక్క వేళ్ళ కింద పాములుంటాయి, ఆ వేళ్ళు కాళ్ళకి చిక్కుకుంటే ఈత వచ్చినవాడైనా తప్పించుకోలేడు.

ఇదంతా ఒక ఎత్తు, కాలువ నీళ్ళు చెరువులోకి వచ్చే తూము ఒక ఎత్తు. కొద్దిరోజుల్లో కాలువ వదులుతారు. మొదటి నీళ్ళతో కొట్టుకొచ్చేది డెక్కే. తూముకి బయటివైపు ఇనుప కమ్మీలు, లోపల వల బిగించాలి. నీళ్ళు పెట్టే రోజుల్లో పొద్దున్నా సాయంత్రం ఒకరు నిలబడి పట్టినదాన్ని తీసెయ్యాలి. వల మొక్కనాపుతుంది, విత్తనాన్ని ఆపదు. విత్తనం బురదలో 15, 20 ఏళ్ళు కూడా ప్రాణంతో ఉంటుంది. నీళ్ళు తగ్గి ఒడ్డు బురద బయటపడ్డప్పుడు వేలెడంత మొలకలు కనిపిస్తాయి. అప్పుడే పీకితే పిల్లలాట, నెల ఆగితే మళ్ళీ ఊరంతా దిగాలి.

అమ్మలూ, ఆ మొలకల్ని ముందు చూసేది బిందెతో వచ్చే మీరే. చూసిన వెంటనే పీకి గట్టు మీద పడెయ్యండి. తూము దగ్గర ఏ వీధివాళ్ళు ఏ వారం నిలబడతారో ఇప్పుడే రాసుకుందాం. మొదటి వారం నా పేరు రాయండి.