నేతగాళ్ల ఊరి నుంచి మాంచెస్టర్ చూడబోయేవారికి
(పిల్లలు ఇంగ్లండులో ఉంటున్న తల్లిదండ్రుల కోసం చీరాలలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది కొడుకులో కూతుళ్లో ఇంగ్లండులో ఉన్నారు. కొందరు ఈ వేసవికే బయలుదేరుతున్నారని విన్నాను. పిల్లలు మీకు లండన్ చూపిస్తారు. బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో ఉన్న వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్తారు. అవి చూడవలసినవే, కాదనను. నేను మాత్రం మాంచెస్టర్ గురించి మాట్లాడతాను. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తోంది కాబట్టి ఆ ఊరిని తీరిగ్గా, కాలినడకన తిరిగి చూసే వీలు నాకు దొరికింది. మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్లు ఇంగ్లండులో మొట్టమొదట చూడాల్సిన ఊరు అదేనని నా నమ్మకం. ఆ ఊరు గుడ్డ మీద బతికింది. ఆ గుడ్డ కొన్న అతిపెద్ద బజారు మన దేశం.

కథ మన తీరంలోనే మొదలవుతుంది. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి అద్దకం బట్టలు ఇంగ్లండుకు ఓడల్లో వెళ్లేవి. ఉతికినా వెలవని ఆ రంగులు చూసి అక్కడి జనం వాటికోసం ఎగబడ్డారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు తమ నోటి దగ్గర కూడు పోతోందని గగ్గోలు పెట్టారు. 1700లో వాళ్ల పార్లమెంటు ఆ బట్టల దిగుమతికి అడ్డుకట్ట వేసింది. 1721లో అద్దకం నూలు బట్ట కట్టుకోవడాన్నే నేరం చేసింది. 1774లో ఆ చట్టం తీసేసేనాటికి మాంచెస్టర్ చుట్టుపక్కల ప్రాంతమైన లాంక్‌షైర్‌లో నూలు వడికే యంత్రాలు వచ్చేశాయి. ఇంకో యాభై ఏళ్లు తిరిగేసరికి గుడ్డల మూటలు అటునుంచి ఇటు రావడం మొదలైంది. ఆ తర్వాత మన నేత ఇళ్లలో ఏం జరిగిందో నేను మీకు చెప్పనక్కర్లేదు.

ఇది మనసులో పెట్టుకుని ముందుగా స్టయల్ అనే చోటుకు వెళ్లండి. ఊరికి దక్షిణంగా, విమానాశ్రయం పక్కనే. అక్కడ క్వారీ బ్యాంక్ మిల్లు ఉంది. శామ్యూల్ గ్రెగ్ అనే వ్యాపారి 1784లో ఏటి ఒడ్డున కట్టించాడు. ఇప్పుడు దాన్ని పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. టికెట్ ఉంటుంది, కొనండి, ఒక పూట పూర్తిగా కేటాయించండి. పెద్ద ఇనుప నీటిచక్రం ఉంది. దాన్ని మించి, పాత యంత్రాలను నడిపి చూపిస్తారు. దూది ఏకడం, వడకడం, కండెలకు చుట్టడం, నేయడం, వరసగా అన్నీ. మీకు ఎవరూ వివరించాల్సిన పని ఉండదు. పడుగు ఎక్కడుందో, పేక ఎటు పోతోందో మీ కంటికే తెలిసిపోతుంది. చెప్పే మనిషి కంటే ముందు మీరే పక్కవాళ్లకు చెప్పేస్తారు.

రెండు మూడు మరమగ్గాలు తిరిగితేనే ఆ గదిలో మాట వినపడదు. వందల మగ్గాలు ఒక్కసారిగా తిరిగే షెడ్డులో రోజంతా నిలబడ్డ ఆడవాళ్లు పెదవుల కదలికతో, చేతి సైగలతో మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. వినికిడి పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

మిల్లుకు కొంచెం ఎగువన పిల్లలుండే ఇల్లు ఉంది. అనాథ శరణాలయాల నుంచి, బీదల వసతి గృహాల నుంచి తెచ్చిన పిల్లలను అందులో ఉంచి, రోజుకు పన్నెండు గంటలకు తగ్గకుండా పని చేయించేవారు. కదులుతున్న యంత్రం కిందికి పాకి, రాలిన దూది ఏరి, అది వెనక్కి వచ్చేలోపు బయటపడాలి. ఆ పని చిన్నపిల్లలది. ఇద్దరేసి పడుకునే మంచాలు, గంజిలాంటి ఓట్స్ జావ. గ్రెగ్ దొర మిగతావాళ్ల కంటే నయమని పేరు, వైద్యుణ్ణి కూడా పెట్టాడు. ఆయన కుటుంబానికి వెస్టిండీస్‌లోని డొమినికా దీవిలో బానిసలు పనిచేసే తోట ఉండేది. మిల్లుకు వచ్చే దూదిలో చాలాభాగం అమెరికాలో బానిసలు ఏరిందే. ఇవన్నీ అక్కడ దాచకుండా చెబుతున్నారు. అందుకు నేను ఆ సంస్థను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ఇంకో రోజు ట్రామ్ ఎక్కి ఉత్తరాన బరీ వెళ్లండి. అరగంట ప్రయాణం. బజారు చాలా పెద్దది, ఆడవాళ్లకు కాలక్షేపం బాగుంటుంది. నేను అక్కడికి వెళ్లమనడానికి కారణం వేరే. మన ఇళ్లలో గుంట మగ్గం మీద కూర్చుని తాడు లాగితే నాడె దానంతటది ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెడుతుంది చూడండి, ఆ ఏర్పాటు 1733లో కనిపెట్టిన జాన్ కే ఆ ప్రాంతం వాడే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అది మన కోస్తా మగ్గాలకు పాకింది. ఆయనకు దానివల్ల డబ్బు రాలేదు. వాడుకున్నవాళ్లు రుసుము ఎగ్గొట్టారు, ఆయన కోర్టుల చుట్టూ తిరిగి అలిసిపోయి ఫ్రాన్స్ వెళ్లి అక్కడే పోయాడు. బరీ నడిబొడ్డున ఆయన పేర ఒక తోట, స్మారకం ఉన్నాయి. చీరాల మనిషి ఒక నిమిషం నిలబడవలసిన చోటు అది.

ఊరి మధ్యలో ఉన్నవి చాలావరకు నడిచే చూడొచ్చు. సెయింట్ పీటర్స్ స్క్వేర్ దగ్గర ట్రామ్ దిగండి. ఆ చుట్టుపక్కలే ఒకప్పుడు ఖాళీ మైదానం. 1819 ఆగస్టు 16న అక్కడ అరవై వేల మంది దాకా చేరారని అంచనా. అంత పెద్ద ఊరికి పార్లమెంటులో ఒక్క సభ్యుడు లేడు, కూలీకి ఓటు లేదు. అది అడగడానికి వచ్చారు. పిల్లల్ని ఎత్తుకుని, శుభ్రమైన బట్టలు కట్టుకుని వచ్చారు. గుర్రపు దళం కత్తులు దూసి జనం మీద పడింది. పద్దెనిమిది మంది చనిపోయారు, వందల మందికి గాయాలయ్యాయి. చనిపోయినవారిలో రెండేళ్ల పసివాడు కూడా ఉన్నాడు. ఆ సంఘటనను పీటర్‌లూ అంటారు.

వచ్చినవాళ్లలో చాలామంది చేనేత పనివాళ్లు. నన్ను ఆ ఊరికి కట్టిపడేసింది ఈ సంగతే. మరమగ్గం మన మగ్గాలను కూల్చిందని మనకు తెలుసు. అంతకంటే ముందు అది లాంక్‌షైర్ పల్లెల్లో ఇంటింటా ఉన్న మగ్గాలను కూల్చింది. ఆ రోజుల్లో బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా చేనేత పనివాళ్లు ఉండేవారు. ఒక తరం గడిచేసరికి కూలి పడిపోయి, తిండి లేక, మగ్గాలు అటక ఎక్కించి మిల్లు గేటు ముందు నిలబడ్డారు. మనల్ని దోచిన దేశం అనుకుంటూ వెళ్తాం. ఆ దోపిడీ నిజమే. ఆ దేశంలోనే మన తాతల కష్టం మన కంటే ముందు పడ్డవాళ్లు ఉన్నారని తెలిస్తే ఆ వీధుల్లో నడిచే తీరు మారుతుంది.

ఆ చోటుకు దగ్గర్లోనే 2019లో స్మారకం కట్టారు. గుండ్రటి రాతి మెట్ల గుట్ట. రాళ్ల మీద చనిపోయినవారి పేర్లు, జనం బయలుదేరి వచ్చిన ఊళ్ల పేర్లు చెక్కారు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు పైకి ఎక్కే దారి లేదని గట్టి నిరసన వచ్చింది. సమానత్వం అడిగి చనిపోయినవాళ్ల గుర్తుకు ఆ లోటు ఉండకూడదు, నిరసన న్యాయమైనదే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందనుంచే పేర్లు చదువుకోవచ్చు.

స్క్వేర్‌లో కుర్చీ మీద నిలబడి చెయ్యి చాపి మాట్లాడుతున్న ఒక స్త్రీ విగ్రహం ఉంటుంది. ఎమిలీన్ పాంక్‌హర్స్ట్. ఆడవాళ్ల ఓటు కోసం ఆమె సంఘం పెట్టింది 1903లో, నెల్సన్ వీధి 62వ నంబరు ఇంట్లో. ఇప్పుడు ఆ ఇల్లు చిన్న మ్యూజియం. పెద్దాసుపత్రికి ఆనుకునే ఉంటుంది. మన పిల్లల్లో ఆ ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు చాలామంది ఉన్నారు కదా, డ్యూటీ దిగాక తీసుకెళ్లమనండి.

సెయింట్ పీటర్స్ స్క్వేర్‌కు కొద్ది దూరంలో లింకన్ విగ్రహం. అమెరికా అధ్యక్షుడికి ఇక్కడేం పని అంటారా? 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి దూది ఆగిపోయింది. లాంక్‌షైర్ మిల్లులు మూతపడ్డాయి, లక్షల మంది పస్తులున్నారు. అంత ఆకలిలోనూ 1862 డిసెంబరు 31న మాంచెస్టర్ కార్మికులు సభ పెట్టి, బానిసత్వాన్ని తీసేయాలనే పోరాటానికే మా మద్దతు అని లింకన్‌కు రాశారు. 1863 జనవరిలో ఆయన జవాబు రాశాడు. ఆ మాటలు విగ్రహం దిమ్మె మీద ఉన్నాయి. అందరూ అలా నిలబడ్డారని కాదు, దక్షిణ రాష్ట్రాల పక్షం వహించినవాళ్లూ అదే లాంక్‌షైర్‌లో ఉన్నారు. అయినా, పొయ్యిలో పిల్లి లేవని రోజుల్లో ఎక్కడో ఉన్న బానిసల పక్షాన చేతులెత్తిన ఆ కూలీలంటే నాకు ఎంతో గౌరవం.

ఆ గుడ్డల డబ్బు ఎంతో చూడాలంటే రాయల్ ఎక్స్‌ఛేంజ్‌లోకి వెళ్లండి. నూలు, గుడ్డల బేరాలు జరిగిన హాలు. ఇప్పుడు లోపల నాటకశాల ఉంది, పెద్ద స్తంభాల మధ్య ఉక్కు, గాజు గదిలా. తల పైకెత్తితే ధరల పట్టీ కనిపిస్తుంది. 1968లో బేరాలు ఆగిపోయిన చివరి రోజు అంకెలు అలాగే ఉంచారు. డీన్స్‌గేట్‌లోని జాన్ రైలాండ్స్ లైబ్రరీ కూడా గుడ్డల డబ్బే. భర్త పోయాక ఎన్రికెటా రైలాండ్స్ అనే ఆవిడ కట్టించి 1900లో జనానికి తెరిచింది. కోవెల అనుకుంటారు, అంత అందం. బైబిల్ కొత్త నిబంధనకు సంబంధించి మనకు దొరికిన అతి పాత పత్రాల్లో ఒకటైన చిన్న ముక్క అక్కడే ఉంది. చీరాలలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లు తప్పక చూడాలి. ప్రవేశం ఉచితం.

చీథమ్స్ లైబ్రరీ కూడా ఒక గుడ్డల వ్యాపారి వదిలిన ఆస్తితో 1653లో పెట్టిందే. అందులో రంగుల గాజు కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. 1845 వేసవిలో మార్క్స్, ఎంగెల్స్ ఆ బల్ల దగ్గర కూర్చుని చదువుకున్నారు. ఎంగెల్స్ తండ్రికి మాంచెస్టర్‌లో నూలు మిల్లులో వాటా ఉండేది, కొడుకు అందులో పనిచేస్తూనే కార్మికుల బతుకులు రాసుకున్నాడు. మన జిల్లాల్లో ఆ ఇద్దరి పటాలు గోడకు తగిలించుకున్న ఇళ్లెన్నో! టికెట్ తీసుకుని, గైడుతో పాటు చూడాలి.

దగ్గర్లో కెథడ్రల్ ముందు గాంధీ విగ్రహం ఉంది, 2019లో పెట్టారు, శిల్పి రామ్ సుతార్ రూపొందించినది. 1921 ఏప్రిల్లో బెజవాడ సభల తర్వాత గాంధీ మన చీరాల వచ్చారు, పేరాల ఉద్యమం రోజులవి. మళ్లీ పదేళ్లకు, 1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్లినప్పుడు, లాంక్‌షైర్‌లోని డార్వెన్‌కు వెళ్లారు. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల పని పోయిన మిల్లు కార్మికుల మధ్యకు. వాళ్లు ఆయన్ని చుట్టుముట్టి జేజేలు కొట్టారు. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. ఆయన వాళ్లకు తియ్యటి అబద్ధం చెప్పలేదు. మీ కష్టానికి నా సానుభూతి ఉంది, మా దేశపు దరిద్రం మీకు తెలియదు అన్నారు. రైల్లో డార్వెన్ వెళ్లి రావచ్చు, చూడటానికి పెద్దగా ఏమీ లేదు, ఇష్టమున్నవాళ్లే వెళ్లండి.

సాఫ్ట్‌వేర్ పిల్లలను సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియానికి వెంట తీసుకెళ్లండి. 1830లో మొదలైన లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు స్టేషన్ ఆవరణ అది. ప్రోగ్రామును తన జ్ఞాపకంలోనే దాచుకుని నడిచిన తొలి కంప్యూటరు 1948 జూన్ 21న ఆ ఊరి విశ్వవిద్యాలయంలో పనిచేసింది. దాని నమూనా అక్కడ ఉంది. నూలు యంత్రాలు ఇక్కడా నడిపి చూపిస్తారు. మరమ్మతుల వల్ల కొన్ని భాగాలు మూసి ఉండవచ్చు, ముందే చూసుకోండి.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు ఓల్డ్ ట్రాఫర్డ్‌కు ట్రామ్‌లో వెళ్లొచ్చు. 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న హైదరాబాదు కుర్రాడు అబ్బాస్ అలీ బేగ్‌ను ఉన్నపళాన జట్టులోకి పిలిస్తే, తొలి టెస్టులోనే 112 పరుగులు చేసింది అక్కడే. 1990లో మరో హైదరాబాదీ అజారుద్దీన్ 179 కొట్టాడు. అదే టెస్టులో పదిహేడేళ్ల సచిన్ మొదటి సెంచరీ చేశాడు. 1983 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో ఇంగ్లండును ఓడించిందీ అక్కడే.

భోజనానికి రషోమ్ వీధి ఉంది. మన రుచులు తక్కువ, పాకిస్తానీ, అరబ్బు హోటళ్లు ఎక్కువ. కబాబులు బాగుంటాయి. దారిలోనే మాంచెస్టర్ మ్యూజియం, అందులో 2023లో తెరిచిన దక్షిణాసియా గ్యాలరీ. ఇంకొంచెం ముందుకు విట్‌వర్త్ ఆర్ట్ గ్యాలరీ, వస్త్రాల సేకరణకు పేరున్నది. రెండింటికీ టికెట్ లేదు.

చివరిగా ఒక్కటి. 1866లో ఇండియా ఆఫీసు, అంటే లండన్ నుంచి మన దేశ వ్యవహారాలు చూసిన బ్రిటిష్ ప్రభుత్వ శాఖ వాళ్లు మన దేశపు బట్టల నమూనాలు ఏడు వందలు కత్తిరించి, పద్దెనిమిది సంపుటాలుగా అతికించి, ఇరవై ప్రతులు చేశారు. లాంక్‌షైర్ మిల్లులు వాటిని చూసి అలాంటివి నేసి మనకే అమ్మాలని. వాటిలో ఒక ప్రతి ప్రెస్టన్‌లోని హారిస్ మ్యూజియంలో ఉంది, మాంచెస్టర్ నుంచి రైలు గంటలోపే. అన్ని సంపుటాలూ ఎప్పుడూ బయట ఉండవు. వెళ్లే ముందు మీ పిల్లలతో మ్యూజియానికి ఈమెయిల్ రాయించండి. మీరు నేత కుటుంబం వారని, మద్రాసు ప్రెసిడెన్సీ నమూనాలు చూడాలనుకుంటున్నారని స్పష్టంగా రాయించండి.

గొడుగు కంటే టోపీ ఉన్న వాన కోటు మేలు, గాలికి గొడుగు నిలవదు. ఇక మీ ప్రశ్నలు అడగండి.